కొత్త కిడ్నీకి నొప్పి తెలియదు

(కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు పర్లాకిమిడిలో ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది. వక్త ఈ ఊరి ఆడపడుచు. విశాఖపట్నంలో మార్పిడి వార్డులో చాలా ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ బాబులూ, ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాశీనగర్ నుంచి వచ్చారు, గుణుపురం నుంచి వచ్చారు, అటు పాతపట్నం, మందస నుంచి కూడా వచ్చారని చెప్పారు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడ్డప్పుడు ఈ ఊరు ఒడిశాలోకి వెళ్లింది, మన చుట్టాలు సగం ఆంధ్ర వైపు ఉండిపోయారు. రోగం మాత్రం సరిహద్దు చూసుకోలేదు. ఉద్దానంలో ఎందుకు వస్తోందో ఇంతవరకూ తేలని కిడ్నీ జబ్బు మన పక్కింటి జబ్బే. ఈ హాల్లో ఉన్నవాళ్లలో సగం మందికి అక్కడ ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

ముందుగా ఒక మాట. గిడుగు రామమూర్తి పంతులుగారు పిల్లలకు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని ఆయన పట్టుబట్టారు. నేను కూడా అలాగే మాట్లాడతాను. మూత్రం అంటాను, సంచి అంటాను, గొట్టం అంటాను. ఆడా మగా కూర్చున్న సభలో ఒంటికి వెళ్లడం గురించి మాట్లాడుతోందేంటని ఎవరూ తల దించుకోవద్దు. ఆ సిగ్గు వల్ల కిడ్నీ పోగొట్టుకున్నవాళ్లను నేను నా కళ్లతో చూశానమ్మా. అందుకే అడుగుతున్నాను, ఈ గంటసేపు సిగ్గు బయట చెప్పుల దగ్గర వదిలేయండి.

మార్పిడి అంటే పాత కిడ్నీలు తీసేసి, ఆ చోట కొత్తది పెడతారని చాలామంది అనుకుంటారు. కాదు. ఎక్కువమందికి పాతవి రెండూ వెనకాల ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్తదాన్ని ముందువైపు, పొత్తికడుపు పక్కన, మామూలుగా కుడివైపు పెడతారు. సన్నగా ఉన్న మనిషైతే చెయ్యి పెట్టి తడిమితే తగులుతుంది. దానికి రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి కలుపుతారు. మూడోది మూత్రం గొట్టం. దాన్ని తీసుకెళ్లి మూత్రం సంచికి కుడతారు. నేను ఇవాళ మాట్లాడేది ఈ మూడోదాని గురించే.

ఎందుకు దీని గురించే? రక్తనాళం సంగతి అందరూ అడుగుతారు. రిజెక్షన్, అంటే కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టడం, దాని గురించి అడుగుతారు, మందుల ఖరీదు అడుగుతారు. మూత్రం గొట్టం గురించి ఒక్కరూ అడగరు. పెన్సిలు కంటే సన్నంగా ఉంటుంది అది. అది మూసుకుపోతే ఎంత మంచి కిడ్నీ అయినా పాడైపోతుంది.

ఇక్కడ వంశధార కాలవ కింద పొలం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, చెయ్యెత్తారు. బాబూ, శివారు మడికి నీళ్లు ఎలా అందుతాయో నీకు నేను చెప్పక్కర్లేదు. పై రైతులందరూ పెట్టుకున్నాక మిగిలితే వస్తాయి. మూత్రం గొట్టం కూడా అంతే. దాత ఒంట్లో ఉన్నప్పుడు దానికి పొడవునా నాలుగైదు చోట్ల నుంచి రక్తం అందేది. కిడ్నీ తీసేటప్పుడు అవన్నీ తెగిపోతాయి. ఇక మిగిలేది కిడ్నీ నుంచి కిందికి వచ్చే సన్నటి నాళం ఒక్కటే. అంటే సంచికి కుట్టిన ఆ చివర శివారు మడి అన్నమాట. అందుకే సర్జన్లు గొట్టాన్ని అవసరమైనంత పొట్టిగా ఉంచుతారు. ఎంత పొట్టిగా ఉంచినా ఒక్కోసారి ఆ చివరకి రక్తం చాలదు.

చాలకపోతే ఏమవుతుంది? రెండు రకాలు. ఆ కొస పూర్తిగా చచ్చిపోతే కుట్టు దగ్గర మూత్రం కారుతుంది. ఇది చాలావరకు మొదటి రోజుల్లో, మొదటి వారాల్లో కనబడుతుంది. ఒంటికి వచ్చేది తగ్గుతుంది. కుట్ల దగ్గర బట్ట తడుస్తుంది, పొట్ట పక్కన ఉబ్బుతుంది, తొడ పైభాగం వాస్తుంది. డ్రెయిన్‌లో (లోపల ఊరే నీళ్లు బయటికి తెచ్చే గొట్టంలో) నీళ్లు పెరిగితే ఆ నీళ్లలో క్రియాటినిన్ చూస్తారు. కిడ్నీ మూత్రంలో బయటికి పంపే వ్యర్థం అది, రక్తంలో పెరిగిందంటే కిడ్నీ పని తగ్గినట్టు. ఆ నీళ్లలో అది రక్తంలో కన్నా చాలా ఎక్కువ ఉంటే అది మూత్రమే అని తేలిపోతుంది. అప్పుడు మూత్రం దారిలోంచి సంచిలోకి వేసే గొట్టం, కాథెటర్, ఉంచుతారు, స్టెంట్ వేస్తారు (దాని సంగతి తర్వాత చెబుతాను), అవసరమైతే మళ్లీ ఆపరేషన్ చేసి కుడతారు. ఇది ఎక్కువగా ఆసుపత్రిలో ఉండగానే దొరికిపోతుంది కాబట్టి నాకు దీని గురించి బెంగ తక్కువ.

నాకు బెంగంతా రెండోదాని మీదే. కొస చచ్చిపోదు, కానీ మచ్చ కట్టి నెమ్మదిగా ఇరుకైపోతుంది. వారాలు పడుతుంది, నెలలు పడుతుంది. అప్పటికి మీరు ఇంటికి వచ్చేసి ఉంటారు. ఎక్కువగా మొదటి ఏడాదిలోనే వస్తుంది. కొందరికి ఏళ్ల తర్వాత కూడా వస్తుంది.

మా తమ్ముడి సంగతి చెబుతాను. మా అమ్మ వాడికి కిడ్నీ ఇచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి వచ్చేటప్పటికి క్రియాటినిన్ 1.2. మూడో నెలలో ఇక్కడ ల్యాబ్‌లో చూపిస్తే 1.5 వచ్చింది. ల్యాబ్ మారింది కదా, అందుకే తేడా అనుకున్నాడు. నేను విశాఖలో డ్యూటీలో ఉన్నాను. ఫోన్ చేసి అడిగాను, "నొప్పి ఉందా తమ్ముడూ?" అని. "లేదప్పా, బాగానే ఉన్నాను, అన్నం తింటున్నాను" అన్నాడు. సరే అనుకున్నాను. మూడు వారాలు పోయాక 2.1.

నేను నర్సును. అదే వార్డులో పనిచేస్తున్నాను. అయినా తప్పు ప్రశ్న అడిగాను. మామూలు మనిషికి కిడ్నీ గొట్టంలో రాయి అడ్డం పడితే ఎలా మెలికలు తిరిగిపోతాడో మీరు చూసే ఉంటారు. అదంతా నరాలు మోసుకొచ్చే నొప్పి. మార్పిడి చేసిన కిడ్నీకి ఆ నరాలు ఉండవు. దాత నుంచి తీసేటప్పుడే తెగిపోయాయి. రక్తనాళాలు కలుపుతారు కానీ నరాలు కలపరు. గొట్టం మూసుకుపోయి, కిడ్నీ లోపల మూత్రం నిండి ఉబ్బిపోతున్నా మనిషికి నొప్పి తెలియదు. అన్నం తింటాడు, బజారుకి వెళ్తాడు, నవ్వుతాడు. అర్థమవుతోందా? నొప్పి లేదు కాబట్టి బాగుందని మీరు ఎప్పుడూ అనుకోకూడదు.

వాడిని రాత్రికి రాత్రి తీసుకెళ్లాం. స్కానింగ్‌లో చూస్తే కిడ్నీ లోపల చెరువు కట్టింది. పొట్ట మీద నుంచి సన్నటి గొట్టం నేరుగా కిడ్నీలోకి వేసి, బయట సంచి తగిలించారు. మొదట వచ్చింది మడ్డిగా, కొంచెం ఎర్రగా ఉంది. తెల్లారేసరికి తేటపడింది. మా అమ్మ ఆ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆ సంచి వైపే చూసేది. గంటకోసారి దుప్పటి ఎత్తి చూసేది. "నిండుతోందే పాపా" అనేది నాతో. తను ఇచ్చింది పనిచేస్తోందా లేదా అన్నది ఆవిడకి ఆ సంచిలో కనబడేది. నాలుగు రోజుల్లో క్రియాటినిన్ దిగింది. తర్వాత బెలూన్ పెట్టి గొట్టాన్ని వెడల్పు చేశారు, అది నిలబడలేదు. చివరికి మళ్లీ కోసి, ఇరుకైన ముక్క తీసేసి, కొత్తగా మూత్రం సంచికి కుట్టారు. ఇప్పుడు బాగున్నాడు. కానీ మొదటి 1.5 దగ్గరే స్కానింగ్ చేయించి ఉంటే వాడికి ఇంత బాధ ఉండేది కాదు. స్కానింగ్‌కి పట్టేది పావుగంట!

గొట్టం లోపల ఇరుకు లేకపోయినా బయట నుంచి నొక్కుకుపోవచ్చు. ఆపరేషన్లో తెగిన సన్నటి నాళాల నుంచి తేటగా ఉండే ద్రవం ఊరి, కిడ్నీ పక్కన బుడగలా చేరుతుంది. దాన్ని లింఫోసీల్ అంటారు. అది పెరిగితే గొట్టాన్ని నొక్కుతుంది, ఆ వైపు కాలు వాస్తుంది. ఒక్క కాలే వాచిందంటే ఉప్పు ఎక్కువైందని సరిపెట్టుకోకండి, చూపించండి.

ఇప్పుడు స్టెంట్. ఇది చాలా జాగ్రత్తగా వినండి.

కుట్టు మానేదాకా గొట్టం తెరిచి ఉంచడానికి లోపల ఒక మెత్తటి ప్లాస్టిక్ గొట్టం పెడతారు. రెండు చివరలా పంది తోకలా చుట్టుకుని ఉంటుంది, ఒక చుట్ట కిడ్నీలో, ఒక చుట్ట సంచిలో. డీజే స్టెంట్ అంటారు. ఇది పెడితే కారడం, ఇరుకవడం రెండూ బాగా తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. కానీ ఎక్కువ రోజులు ఉంటే ఇన్ఫెక్షన్ తెస్తుంది. అందుకే రెండు నుంచి ఆరు వారాల్లో తీసేస్తారు. తీయడం పెద్ద పని కాదు, మూత్రం దారిలోంచి కెమెరా గొట్టం పెట్టి చిన్న పట్టుకారుతో లాగేస్తారు, కొద్ది నిమిషాల పని.

మరి ఎందుకు మర్చిపోతారు? నేను చాలామందిని అడిగాను. మన ఇళ్లలో స్టెంట్ అంటే గుండె స్టెంట్. పక్కింటి మావయ్యకి వేశారు, జీవితాంతం ఉంటుందన్నారు. ఇదీ అలాంటిదే అనుకుంటారు. కాదమ్మా! గుండెకి వేసింది లోపలే ఉంటుంది, కిడ్నీకి వేసింది తీసెయ్యాలి. ఈ ఒక్క మాట మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

కాశీనగర్ వైపు నుంచి ఒకతను వచ్చాడు, మార్పిడి వేరే రాష్ట్రంలో వేరే ఆసుపత్రిలో అయింది, పేరు చెప్పను. డిశ్చార్జి కాగితం నాలుగు పేజీలు. మూడో పేజీలో, మందుల కింద, ఇంగ్లీషులో ఒక్క లైను, నాలుగు వారాలకు స్టెంట్ తీయించుకోవాలని. ఆ లైను అతనికి ఎవరూ చదివి చెప్పలేదు. అతను ఆ కాగితాల్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేవుడి గూట్లో భద్రంగా దాచుకున్నాడు. నెలకి ఒకసారి జ్వరం, ఇక్కడే ఇంజక్షన్ చేయించుకోవడం, తగ్గడం. అలా ఏడాదిన్నర. మా దగ్గరికి వచ్చేటప్పటికి ఆ స్టెంట్ రెండు చివరలా సున్నం గట్టిపడ్డట్టు రాయి కట్టేసింది. లాగితే రాదు. రాయిని పగలగొట్టి మూడు విడతల్లో తీశారు. ఆ ముక్కల్ని నేను ట్రేలో చూశాను, పెంకులా పెళుసుగా ఉన్నాయి. కిడ్నీ దక్కింది, కానీ ముందున్నంత బలంగా లేదు.

కాబట్టి ఇంటికి వెళ్లగానే కాగితాలు తీయండి. స్టెంట్ ఎప్పుడు వేశారు, తీశారా, ఎప్పుడు తీశారు. ఇంకా తీయకపోతే ఆ తారీకు గోడ మీద క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో రాయండి. కాగితం మీకు చదవడం రాకపోతే హైస్కూల్లో చదివే పిల్లతో చదివించండి.

డయాలిసిస్ మీద ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకి ఇంకొక సంగతి. మూత్రం రాక రాక సంచి ముడుచుకుపోయి ఉంటుంది, ఎండిన తిత్తి లాగా. కొత్త కిడ్నీ పనిచేయడం మొదలుపెట్టగానే దాని మీద మూత్రం ఒక్కసారిగా పడుతుంది. కాథెటర్ తీసిన రోజు పావుగంటకోసారి పరుగు. కిడ్నీ పాడైపోయిందేమోనని కొత్తవాళ్లు ఒకటే టెన్షన్ పడతారు. అది కిడ్నీ తప్పు కాదు, సంచి మళ్లీ సాగడం నేర్చుకుంటోంది. వారాలు గడిచేకొద్దీ సర్దుకుంటుంది. కానీ పెద్ద వయసు మగవాళ్లకి దీనికి ఎదురు సమస్య ఉంటుంది. ప్రోస్టేట్, అంటే మూత్రం సంచి కింద ఉండే గ్రంథి, పెరిగి ఉన్నా ఇన్నాళ్లూ మూత్రమే లేదు కాబట్టి బయటపడలేదు. ఇప్పుడు మూత్రం వస్తుంది, దారి ఇవ్వదు. ధార సన్నంగా ఉందా, ముక్కి ముక్కి పోస్తున్నారా, పోసినా ఇంకా ఉన్నట్టుందా, డాక్టరుకి చెప్పండి.

ఇక మూత్రం ఇన్ఫెక్షన్. మార్పిడి తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్లలో అన్నింటికన్నా ఎక్కువగా వచ్చేది ఇదే. ముఖ్యంగా మొదటి ఆరు నెలలు, ఆడవాళ్లకి ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువ. తీసుకొచ్చేది చాలావరకు మన పేగుల్లో ఉండే ఇ.కోలి అనే క్రిమే. రిజెక్షన్ రాకుండా మనం వేసుకునే మందులు ఒంటి కాపలాని తగ్గిస్తాయి కదా, అందుకని క్రిమికి దారి సులువు. కాపలా తగ్గింది కాబట్టి జ్వరం కూడా గట్టిగా రాకపోవచ్చు. మంట, మూత్రం వాసన, మడ్డి, చలి, కొత్త కిడ్నీ ఉన్న చోట నొక్కితే బాధ, ఇవి ఏవి ఉన్నా ఆగొద్దు. ఇందాక నొప్పి ఉండదన్నారుగా అంటారేమో. గొట్టం మూసుకుంటే ఉండదన్నాను. క్రిమి పట్టి కిడ్నీ వాస్తే చుట్టూ ఉన్న పొర, కండ బాధ పెట్టొచ్చు. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యాలి.

ఆడవాళ్లతో ఒక్క మాట. విశాఖ వెళ్లాలి, బరంపురం వెళ్లాలి, గంటల ప్రయాణం. బస్టాండ్లో బాత్రూం బాగోదని మీరేం చేస్తారు? ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు మానేస్తారు. బస్సులో బిగపట్టుకుంటారు. చెకప్‌కి వచ్చేటప్పుడే ఇన్ఫెక్షన్ తెచ్చుకుంటారు! నాకు చాలా బాధేసేది ఇది చూసి. తప్పు మీది కాదు, శుభ్రమైన బాత్రూం లేని ఊళ్లది. అయినా నీళ్లు మాత్రం మానొద్దు. డాక్టరు ఎన్ని లీటర్లు తాగమంటే అన్ని తాగండి. మూడు గంటలకోసారి వెళ్లండి. వీలైతే రైల్లో రండి, బాత్రూం ఉంటుంది. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి. ఇది మీ కోడళ్లకి, కూతుళ్లకి కూడా చెప్పండి.

మంట వచ్చింది కదా అని మెడికల్ షాపులో అడిగి మాత్ర వేసుకోవద్దు. ముందు మూత్రాన్ని, ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్‌కి ఇవ్వాలి, ఆ తర్వాతే మందు. నొప్పి మాత్రల్లో డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి దెబ్బ. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లుకొనజోల్, ఇవి రిజెక్షన్ రాకుండా మనం వేసుకునే టాక్రోలిమస్ మందు మోతాదుని రక్తంలో పెంచేస్తాయి, అదీ కిడ్నీకి దెబ్బే. పెరట్లో పంపరపనస చెట్టున్నవాళ్లు, అది కూడా అలాగే పెంచుతుంది, ఆ పండు తినకండి. ఎవరు ఏ మందు రాసినా "నాకు కిడ్నీ మార్చారు" అన్నది మొదటి మాట కావాలి. ఆసుపత్రి వాళ్లు రోజూ వేసుకోమన్న సెప్ట్రాన్ మాత్ర ఉంటుంది, మొదటి నెలల్లో ఊపిరితిత్తుల నిమ్మునీ మూత్రం ఇన్ఫెక్షన్‌నీ రానివ్వదు. బాగానే ఉన్నాను కదా అని మానేసేది ఎక్కువగా ఆ మాత్రనే.

ఒకటి మరిచిపోయాను, బీకే వైరస్. 1971లో లండన్లో మార్పిడి చేయించుకున్న ఒక రోగి మూత్రంలో మొదట దొరికింది, ఆయన పేరులోని పొడి అక్షరాలే దానికి పేరయ్యాయి. మనలో చాలామంది ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది, ఏ హానీ లేదు. మార్పిడి మందులు ఎక్కువైతే లేస్తుంది. కొత్త కిడ్నీని తింటుంది, గొట్టాన్ని కూడా ఇరుకు చేయగలదు. దీనికీ నొప్పి లేదు, జ్వరం లేదు. రక్తపరీక్షలోనే తెలుస్తుంది. దానికని ప్రత్యేకంగా మందు లేదు, డాక్టరు మార్పిడి మందులు తగ్గించి ఒంటి కాపలాని కొంచెం లేపుతారు. ఎంత తగ్గించాలన్నది డాక్టరే చెప్పాలి. మీరు సొంతంగా తగ్గిస్తే రిజెక్షన్ వస్తుంది. అందుకే ఆ టెస్టు రాస్తే ఖరీదని వదిలెయ్యకండి.

ఇవన్నీ విని భయపడకండి. గొట్టానికి సంబంధించిన సమస్యలు చాలా ఆసుపత్రుల్లో నూటికి పదిమంది లోపే. పట్టుకుంటే బాగుచేయగలిగినవే ఎక్కువ.  ఇది ప్లంబింగు పని, సమయానికి చూస్తే కిడ్నీ దక్కుతుంది.

సమయానికి చూడాలంటే ఏం కావాలి? ఇదిగో, ఇది మా తమ్ముడి పుస్తకం. పది రూపాయల నోటుబుక్. గీతలు మా అమ్మ గీసింది, స్కేలు లేక పళ్లెం అంచు పెట్టి గీసింది, అందుకే వంకర. తారీకు, బరువు, బీపీ, తాగిన నీళ్లు, పోసిన మూత్రం, జ్వరం. కొలవడానికి గుర్తులున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి. ఇక్కడ చూడండి, వెనకాలవాళ్లకి కనబడదేమో, తర్వాత చేతికిస్తాను. ఈ వారం రోజుకి 2,400, 2,300. తర్వాతి వారం 1,900. ఇంకో వారానికి 1,500. బరువు రెండు కిలోలు పెరిగింది. మనిషి బాగానే ఉన్నానన్నాడు, పుస్తకం బాగోలేదంది. ఇది ఆ 1.5 వచ్చిన నెల. రాసింది మా అమ్మే, ఆవిడ రోజూ రాసింది. మేమెవరం తీసి చూడలేదు.

రాయండి, రాసింది చూడండి. వారానికోసారి ఎవరైనా ఒకరు చూడండి. పెద్దాసుపత్రికి వెళ్లేదాకా ఆగక్కర్లేదు, స్కానింగ్, క్రియాటినిన్, కల్చర్ ఇవి దగ్గర్లో అవుతాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, బరంపురంలో పెద్ద మెడికల్ కాలేజీ ఉంది. ఒడియా డాక్టరు దగ్గరికి వెళ్తే భయపడొద్దు. ఆయన "పరిస్రా" అంటే మూత్రం గురించి అడుగుతున్నట్టు. "పరిస్రా పొడా" అంటే మంట. ఆ రెండు మాటలు చాలు, మిగతాది పుస్తకం చూపించండి, అంకెలకి భాష అక్కర్లేదు.

ప్రశ్నలు ఉంటే ఇక్కడ అడగండి, అందరి ముందూ అడగలేనివి ఆ పక్క గదిలో నన్ను అడగండి. కాగితాలు తెచ్చుకున్నవాళ్లు టేబుల్ దగ్గరికి రండి, స్టెంట్ లైను ఎక్కడుందో నేనే చూసి చెబుతాను. గుణుపురం బండికి వెళ్లాల్సినవాళ్లు ముందు. అమ్మా, నువ్వే, ఆకుపచ్చ చీర, ఆ కవరు ఇలా ఇవ్వు.